గుడ్డముక్క కింద చీటీ ఎవరు రాశారు?

చిత్రలేఖనం గురించీ శిల్పం గురించీ మన విమర్శకులు గ్రంథాలే రాశారు. కుట్టుపని గురించి, అల్లిక గురించి, చిన్న చిన్న గుడ్డముక్కల మీద ఆడవాళ్లు చేసే పని గురించి రాసినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమంది రాసినదాంట్లోనైనా ఎక్కువభాగం మెచ్చుకోలే. "ఎంత ఓపిక!" "ఎంత సున్నితమైన పనితనం!" "తీరిక వేళల్ని ఎంత అందంగా గడిపారు!" ఈ మూడు మాటలతో విమర్శ పూర్తవుతుంది. ఓపికను మెచ్చుకోవటం కళావిమర్శ కాదు. గానుగెద్దును కూడా మనం ఓపిక గలదనే మెచ్చుకుంటాం.

జానెడు గుడ్డముక్క మీద ఏది కుట్టినా సరే, పెట్టెలో మడతపెట్టి వున్నంతకాలం అది ఇంటి సామాను. దాన్ని తీసి ఒక గోడకు తగిలించినప్పటినుంచీ అది నలుగురూ చూసే వస్తువవుతుంది. ఈ తగిలించటం చిన్న విషయం కాదు. గోడ ఎవరిది? తగిలించినవారెవరు? చూడవలసిందెవరు? చూసి ఏం చెయ్యాలి? ముఖ్యంగా, దాని కింద అంటించిన చీటీలో ఏమి రాశారు, ఏమి రాయలేదు? ఈ ప్రశ్నలకు జవాబులు కాలాన్నిబట్టీ వర్గాన్నిబట్టీ మారుతూ వచ్చాయి. అంచేత ఈ చిన్న వస్తువుల ప్రదర్శనకు ఒక చరిత్ర వుంది. ఆ చరిత్ర యావత్తూ చీటీ కోసం జరిగిన పెనుగులాట అని నా అభిప్రాయం. గుడ్డముక్కను తయారుచేసినవారి పేరు, వారి మాట, వారి శ్రమకు దక్కిన ప్రతిఫలం - ఈ మూడింటిలో ఏది చీటీకి ఎక్కింది, ఏది ఎక్కకుండా పోయింది అన్నది చూస్తే, ఆ ప్రదర్శన ఎవరి ప్రయోజనం కోసం జరిగిందో తెలిసిపోతుంది.

మన గుడ్డలతోనే మొదలుపెడదాం. 1866లో లండనులోని ఇండియా ఆఫీసు ఒక విచిత్రమైన గ్రంథాన్ని తయారుచేసింది. దానికి 18 సంపుటాలు. వాటిలో వున్నవి బొమ్మలు కావు, నిజమైన గుడ్డలు. భారతదేశంలో మగ్గం మీద నేసిన చీరలు, ధోవతులు, తలపాగాలు, రుమాళ్లు, మస్లిన్లు, అద్దకాలు కత్తిరించి మొత్తం 700 నమూనాలు అంటించారు. ఈ పని చేయించినవాడు జాన్ ఫోర్బ్స్ వాట్సన్. వృత్తిరీత్యా వైద్యుడు, భారతదేశపు ఉత్పత్తులను గురించి నివేదికలు రాసే ఉద్యోగం ఆయనది. ఇటువంటి ప్రతులు 20 తయారుచేసి, 13 బ్రిటనులోనే వుంచి, 7 మాత్రం భారతదేశానికి పంపారు. బ్రిటనులో వుంచినవి చేరింది జౌళి వ్యాపారం సాగే పట్టణాలకు. ఒక్కొక్క ప్రతినీ ఒక్కొక్క పారిశ్రామిక మ్యూజియంగా భావించాలని ఫోర్బ్స్ వాట్సన్ ఉద్దేశం. అంటే అలమరలో పట్టే మ్యూజియం, పుటలు తిప్పి చూసే ప్రదర్శన.

ఆ మ్యూజియం ఎందుకు? అందులో దాపరికమేమీ లేదు. హిందూదేశపు జనం ఏమి కడతారో, ఎంత పొడవు కడతారో, అంచు ఎంత వుండాలో, ఏ రంగు ఎవరికి ఇష్టమో తెలిస్తే ఇంగ్లీషు మిల్లుదారు దాన్ని తన యంత్రం మీద తయారుచేసి ఇక్కడికి పంపవచ్చు. సాదా గుడ్డ అప్పటికే వచ్చి పడింది. అంచులూ పమిటలూ వున్న బట్టల దగ్గర, చేతివాటం అవసరమైన చోట, మిల్లు ఇంకా పూర్తిగా గెలవలేదు. ఆ మిగిలిన కోటను పట్టుకోవటానికి కావలసిన పటమే ఈ 700 ముక్కలు. ప్రతి ముక్కకూ చీటీ వుంది. ఎక్కడ దొరికింది, పొడవెంత, వెడల్పెంత, బరువెంత, ఖరీదెంత - కొనేవాడికీ అమ్మేవాడికీ కావలసినవన్నీ వున్నాయి. నేసినవాడి పేరుకు ఆ చీటీలో చోటు లేదు. వుండవలసిన అవసరమూ లేదు. ఆ మనిషి పనిని లాక్కోవటానికే గదా చీటీ రాసింది!

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ సంపుటాలు లేకపోతే ఆనాటి రంగులు, నేతలు అనేకం ఇవాళ మన కంటికి కనిపించేవి కావు. పరిశోధకులూ నేత పనివారూ వాటినుంచి ఎంతో నేర్చుకున్నారు. సామ్రాజ్యవాదం తన అవసరం కోసం దాచినదాన్ని మనం మన అవసరం కోసం చదువుకోవచ్చు. కాని చదివేటప్పుడు ఆ చీటీ ఎవరి భాషలో వుందో మరిచిపోగూడదు.

ప్రదర్శన అనేది ఎప్పుడూ పాలకుల చేతి ఆయుధమే అనుకోవటం కూడా పొరపాటు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు అక్కడ ఖద్దరు ప్రదర్శన పెట్టారు. వాలంటీరుగా ద్వారం దగ్గర నిలబడ్డ దుర్గాబాయి అనే బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వని కథ తెలుగువారందరికీ తెలుసు. ఈ కథను మనం ఆ పిల్ల క్రమశిక్షణకు ఉదాహరణగా చెప్పుకుంటాం. నాకు అందులో మరొకటి కూడా కనిపిస్తుంది. ఫోర్బ్స్ వాట్సన్ సంపుటాల ముందు కూర్చున్నవాడు మిల్లు యజమాని. కాకినాడ ద్వారం దగ్గర టిక్కెట్టు అడిగింది ఈ దేశపు ఆడపిల్ల. గుడ్డ అదే చేతి గుడ్డ. గోడ మారింది, కాపలా మారింది, అర్థం మారింది.

మరి ఆడపిల్ల ఇంట్లోనే వున్న గోడ మాటేమిటి? కోస్తా జిల్లాల మధ్యతరగతి ఇళ్లలో హాలు గోడకు అద్దాల ఫ్రేము ఒకటి వుండటం నాకు తెలుసు. నల్లగుడ్డ మీద పూసలతో కుట్టిన రామచిలుకల జంట. లేకపోతే గళ్లగుడ్డ మీద కుట్టిన 'సుస్వాగతం'. కింద మూలగా కుట్టిన పిల్ల పేరు. పెళ్లిచూపులకు వచ్చినవారికి ఆ ఫ్రేము చూపించేవారు. "మా అమ్మాయే కుట్టింది" అనేవారు. అంటే ఆ అమ్మాయి వంచిన తల ఎత్తకుండా గంటలతరబడి కూర్చోగలదు అని అర్థం. ఇక్కడ చీటీ మీద పేరు వుంది. కాని ఆమె మాట లేదు. చిలుకలు ఆమెవి కావు, నమూనా పుస్తకంలోవి. 'సుస్వాగతం' కూడా ఆమె చెప్పదలచుకున్నది కాదు. ఆ ఇంటివారు చెప్పదలచుకున్నది.

ఇది మనకే ప్రత్యేకమైన ఆచారం కాదు. ఇంగ్లండులో ఆడపిల్లల చేత నమూనా గుడ్డలు కుట్టించటం శతాబ్దాలపాటు సాగింది. తేదీ కుట్టి వున్నవాటిలో బాగా పాతది 1598 నాటి జేన్ బోస్టాక్ గుడ్డ, లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వుంది. మొదట్లో అవి కుట్లను గుర్తుపెట్టుకోవటానికి దాచుకున్న నోట్సు వంటివి. రానురాను అవి బడిలో చేయించే పాఠాలయ్యాయి: అక్షరాలు, అంకెలు, ఒక నీతిపద్యం, కింద పిల్ల పేరు, వయస్సు. ధనికుల పిల్లకు అది సంస్కారానికి సాక్ష్యం. అనాథాశ్రమం పిల్లకు అది రేపు యజమాని ఇంటి దుప్పట్ల మీద గుర్తులు కుట్టటానికి కావలసిన అర్హతాపత్రం. ఒకే కుట్టు, రెండు వర్గాలు.

ఐతే ఆ పాఠాన్ని తిరగేసిన పిల్ల కూడా ఒకతె వుంది. 1830 ప్రాంతంలో ససెక్స్ జిల్లాకు చెందిన ఎలిజబెత్ పార్కర్ అనే పనిపిల్ల, ఒక గుడ్డ మీద ఎర్రదారంతో తన కథ కుట్టింది. పూలు లేవు, పిట్టలు లేవు, చుట్టూ అంచు లేదు. పనికి కుదిరిన ఇంట్లో తాను పడ్డ హింస, చావాలనుకోవటం, ఆ ఆలోచన పాపమేమోననే భయం - అన్నీ అక్షరాలా కుట్టింది. చివర తన ఆత్మ గతి ఏమవుతుందోనన్న ప్రశ్న దగ్గర కుట్టు మధ్యలో ఆగిపోతుంది. కింద ఎంతో గుడ్డ ఖాళీగా మిగిలిపోయింది. ఆమె తర్వాత బడిపంతులమ్మగా చాలాకాలం బతికింది. ఆ గుడ్డ 1956లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంకు చేరింది. తనకు నేర్పిన అక్షరాలతో తనకు నేర్పని మాట కుట్టింది గనకనే నూరేళ్లు దాటినా ఆ గుడ్డ మనతో మాట్లాడుతున్నది.

మన దగ్గర ఇదే పాఠం మిషనరీల ద్వారా వచ్చింది. గోదావరి డెల్టాలో లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో అట్లా మొదలై, నరసాపురం చుట్టుపక్కల వేలాది ఇళ్లకు పాకింది. మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు అక్కడ వుండి అధ్యయనం చేసి, 1982లో 'నరసాపురం లేసుపనివారు' అనే పుస్తకం ప్రకటించింది. ఆమె తేల్చిన విషయం మనవారందరూ చదవవలసినది. ఆ స్త్రీలు ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్నారు. కాని వారిని కార్మికులు అనరు, గృహిణులు అంటారు. వారు చేసేది పని అనరు, తీరిక వేళ కాలక్షేపం అంటారు. పని కాదన్నప్పుడు కూలి ఎంత తక్కువ ఇచ్చినా అడిగేవాడుండడు. అల్లేవారు ఇళ్లలో వుంటారు. వ్యాపారమూ ఎగుమతీ మగవాళ్ల చేతుల్లో వుంటుంది. మొదట్లో నేను చెప్పిన మెచ్చుకోలు మాట - "తీరిక వేళల్ని ఎంత అందంగా గడిపారు" అన్నది - ఎంత ఖరీదైన మాటో ఇప్పుడు తెలుస్తుంది. ఆ ఒక్క మాట లేసు ఎగుమతిదారుకు లాభం తెచ్చిపెడుతుంది.

కాబట్టి చీటీ మీద పేరు కుట్టినంతమాత్రాన స్వేచ్ఛ వచ్చినట్టు కాదు. పేరు ఒక్కొక్కప్పుడు తిరుగుబాటు, ఒక్కొక్కప్పుడు పెళ్లి అర్హత, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం. 1912 మార్చిలో లండనులోని హోలోవే జైల్లో ఓటుహక్కు కోసం పోరాడి ఖైదీలైన స్త్రీలు ఒక చేతిరుమాలు మీద తమ సంతకాలు కుట్టారు. అవి 66 సంతకాలు. మా పేర్లు రాసుకోండి, మేమే చేశాం అని ప్రభుత్వానికి చెప్పటం అది. పేరు చెప్పటమే ధైర్యమైన కాలం. పేరు చెప్పకపోవటమే ధైర్యానికి రక్షణ ఐన కాలం కూడా వుంది. దాన్ని చూడాలంటే మనం చిలీకి పోవాలి.

పాబ్లో నెరూడా పేరు తెలియని అభ్యుదయ పాఠకుడు మనలో లేడు. ఆయన 1973 సెప్టెంబరు 23న మరణించాడు. దానికి పన్నెండు రోజుల ముందు, సెప్టెంబరు 11న, జనం ఎన్నుకున్న అధ్యక్షుడు సాల్వడార్ అయెందేను సైన్యం కూలదోసింది. రాగి గనులను జాతీయం చేసిన ప్రభుత్వం అది. అయెందే అధ్యక్ష భవనంలోనే ప్రాణాలు విడిచాడు. తర్వాత 17 ఏళ్లపాటు పినోచే నియంతృత్వం సాగింది. చంపబడినవారూ, పట్టుకుపోయిన తర్వాత ఆనవాలు లేకుండా పోయినవారూ కలిసి మూడువేలకు పైచిలుకు అని ఆ దేశం తర్వాత నియమించిన సంఘాలే తేల్చాయి. నిర్బంధంలో చిత్రహింసలు పడ్డవారు ఇంకా ఎన్నో రెట్లు. ఇది ఒక వైపు. మరొక వైపు, కార్మిక వాడల్లో ఉద్యోగాలు పోయాయి. మగవాడు జైల్లో వున్న ఇల్లూ, మగవాడికి పని లేని ఇల్లూ ఒకే ఆకలితో వున్నాయి.

1973 అక్టోబరులోనే కొన్ని చర్చిలు కలిసి బాధితుల సహాయానికి ఒక సంఘం పెట్టాయి. పినోచే ఒత్తిడి తెచ్చి 1975 చివర దాన్ని మూయించాడు. వెంటనే, 1976 జనవరిలో, శాంటియాగో ఆర్చిబిషప్పు కార్డినల్ రౌల్ సిల్వా హెన్రీకెజ్ తన అధికారం కిందనే ఒక సంఘీభావ కార్యాలయాన్ని తెరిచాడు. చర్చి అనగానే మనలో కొందరికి అనుమానం కలగటం సహజమే. కాని పార్టీలనూ యూనియన్లనూ నిషేధించిన దేశంలో, పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చోవటానికి మిగిలిన కప్పు అదొక్కటే. చరిత్రను వున్నది వున్నట్టు చూడాలి. 1974 నుంచీ ఆ కప్పు కిందనే కుట్టుపని బృందాలు పుట్టాయి. వారు కుట్టినవాటిని ఆర్పియేరాలు అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు అర్థం గోనెపట్ట.

గోనెపట్ట మీద కుట్టు చిలీకి కొత్త కాదు. జానపద గాయని వియోలెతా పర్రా జబ్బుపడి మంచం మీద వున్న రోజుల్లో గోనెపట్ట మీద ఊలుతో బొమ్మలు కుట్టటం మొదలుపెట్టింది. ఆ బొమ్మలను 1964లో పారిస్‌లో, లూవ్రు భవనంలోనే వున్న అలంకరణ కళల మ్యూజియంలో ప్రదర్శించారు. ఐతే ఆమె కుట్టినది గాయని కుట్టినది. పేరున్న మనిషి పని. 1974 తర్వాత కుట్టినవారు పేరు చెప్పుకోలేనివారు. వీరిలో చాలామందికి పూర్వం ఆ పని రాదు. పిండిసంచీలు, గోనెపట్ట, చిరిగిన లంగాలు, పాత చొక్కాలు - ఇవీ వారి సరుకు. కనిపించకుండా పోయిన కొడుకు చొక్కానే కత్తిరించి బొమ్మకు తొడిగిన తల్లులు కూడా వున్నారు.

మూరెడు పొడవు, అంతకు తక్కువ వెడల్పు. పైన ఆండీస్ పర్వతాలు, సూర్యుడు. కింద ఇళ్లు, చెట్లు, చిన్న చిన్న గుడ్డబొమ్మ మనుషులు. దూరంనుంచి చూస్తే పిల్లల బొమ్మల పుస్తకంలా వుంటుంది. దగ్గరికి పోయి చూడాలి. వాడలో ఉమ్మడి వంట. ఒకే కుండ చుట్టూ నలభై ఇళ్ల పిల్లలు. మూతపడ్డ ఫాక్టరీ తలుపు. వాడలో ఒక్కటే నీళ్ల కుళాయి, దాని ముందు బారు. భోజనాల బల్ల దగ్గర ఒక ఖాళీ కుర్చీ. 'వాళ్లు ఎక్కడ?' అనే పలక పట్టుకున్న ఆడవాళ్లు. 1978 మార్చి 8న, మహిళా దినం నాడు, మాయమైనవారి బంధువులు క్వేకా అనే తమ జాతీయ నృత్యం చేశారు. అది ఆడా మగా జంటగా చేసే నృత్యం. వారు ఒంటరిగా చేశారు. ఆ నృత్యం గోనెపట్ట మీదకు వచ్చింది. 1978లోనే లోన్కెన్ అనే చోట సున్నపు బట్టీల్లో 15 మంది మృతదేహాలు బయటపడ్డాయి. 1973 అక్టోబరులో పట్టుకుపోయినవారు వారు. ఆ బట్టీలూ గోనెపట్ట మీదకు వచ్చాయి. 1979లో స్త్రీలు మూతపడ్డ శాసనసభ కమ్మీలకు తమను తాము గొలుసులతో కట్టేసుకున్నారు. అదీ వచ్చింది. పత్రికలు రాయలేనిది గోనెపట్ట మీద అచ్చయింది.

ముందువైపు సంతకం వుండదు. కొన్నిటికి వెనకవైపు చిన్న జేబు కుట్టేవారు. అందులో ఒక కాగితం ముక్క. ఈ బొమ్మలో వున్నదేమిటో, కుట్టిన మనిషి బతుకేమిటో చేతిరాతతో నాలుగు మాటలు. ఇదే నేను ఇందాకటినుంచీ చెబుతున్న చీటీ. ఫోర్బ్స్ వాట్సన్ రాసిన చీటీ కాదు, పెళ్లిచూపుల చీటీ కాదు. కుట్టినామెే రాసుకుని, కుట్టినామెే దాచిన చీటీ. అందులో మాట వుంది, పేరు లేదు.

వీటికి చిలీలో గోడ దొరకటం కష్టం. శాంటియాగోలో వీటిని ప్రదర్శించిన ఒక చిత్రశాలను 1977లో తగలబెట్టారు. ప్రభుత్వాన్ని సమర్థించే పత్రికలు ఇవి దేశానికి అపఖ్యాతి తెచ్చే గుడ్డలని నిందించాయి. అంచేత ఇవి దేశం దాటాయి. సంఘీభావ కార్యాలయం వీటిని స్త్రీల దగ్గర కొని విదేశాలకు పంపేది. ప్రవాసంలో వున్న చిలీ వారు, మానవహక్కుల సంఘాలవారు, చర్చిలవారు యూరపులోనూ ఉత్తర అమెరికాలోనూ హాళ్లలో తగిలించి అమ్మేవారు. ఆ డబ్బు తిరిగి కార్మిక వాడకు వచ్చి బియ్యం, పాలు అయ్యేది. అదే కాలంలో పినోచే భార్య లుసియా ఇరియార్త్ అధ్యక్షతన తల్లుల కేంద్రాల సంస్థ ఒకటి వుండేది. దాని దుకాణాల్లోనూ చేతిపని సరుకే అమ్మేవారు. ఒకే దేశంలో ఒకే సమయంలో ఆడవాళ్ల చేతిపనికి రెండు రకాల ప్రదర్శన! చేతిపని తనంత తాను అభ్యుదయకరమూ కాదు, అభివృద్ధి నిరోధకమూ కాదు. అది ఎవరి గోడ మీద, ఎవరి చీటీతో వుందన్నదే ప్రశ్న.

ఐతే ఆర్పియేరాల కథను దేవతాకథగా చెప్పటం నాకు ఇష్టం లేదు. జాక్వెలిన్ ఆడమ్స్ వంటి పరిశోధకులు ఆ స్త్రీలతో మాట్లాడి రాసినదాన్నిబట్టి చూస్తే, అమ్మకం వున్నచోట మార్కెట్టు కూడా వుంది. కొనేవారికి ఏది నచ్చుతుందన్నది కుట్టేవారికి తెలుస్తూనే వుంటుంది. కొన్ని బొమ్మలు మరీ ప్రమాదమని బృందాలే మానుకున్నాయి. కొన్నిటిని కార్యాలయమే వద్దన్నది. కుట్టు బాగాలేదని తిప్పిపంపినవీ వున్నాయి. 1990 మార్చిలో పినోచే గద్దె దిగాడు. 1992లో కార్యాలయం మూతపడింది. విదేశాల్లో సంఘీభావంతో కొన్నవారికి చిలీ సమస్య తీరిపోయినట్టు తోచింది, కొనుగోళ్లు తగ్గిపోయాయి. కాని వాడలో పేదరికం పినోచేతోపాటు గద్దె దిగలేదు. ఇది మనకు చేదు పాఠం. దుఃఖం వార్తల్లో వున్నంతకాలమే కొనే సంఘీభావం, సంఘీభావం పేరుతో జరిగే మరొక మార్కెట్టు మాత్రమే.

ఇవాళ ఆర్పియేరాలకు గోడలు వున్నాయి. 2010 జనవరిలో శాంటియాగోలో తెరిచిన స్మృతి, మానవహక్కుల మ్యూజియంలో అవి వున్నాయి. చిలీలో పుట్టి ఉత్తర ఐర్లండులో స్థిరపడ్డ రొబెర్తా బాసిక్ 2008 నుంచీ వాటిని అనేక దేశాల్లో ప్రదర్శిస్తూ, యుద్ధాలూ అంతఃకలహాలూ చూసిన ఇతర దేశాల స్త్రీల కుట్టుపనితో పక్కపక్కన పెడుతూ వస్తున్నది. ఇది మంచి పనే. కాని గాజుపలక వెనక బిగించిన ఆర్పియేరాకు ముందువైపే కనిపిస్తుంది. వెనకనున్న జేబు గోడ వైపు తిరిగి వుంటుంది. ఆ జేబులోని కాగితం ప్రేక్షకుడికి చదివించలేని ప్రదర్శన సగం ప్రదర్శన.

ఇంతకూ చిన్నదిగా వుండటంలో ప్రత్యేకత ఏమిటని కొందరు అడగవచ్చు. పెద్ద కళ, చిన్న కళ అనే తేడా కూడా వర్గానికి సంబంధించినదే. 1962లో స్విట్జర్లండులోని లొజాన్‌లో జాన్ ల్యూర్సా చొరవతో అంతర్జాతీయ నేతచిత్రాల ప్రదర్శన మొదలైంది. అక్కడికి పోవాలంటే గోడంత పరిమాణం వుండాలి. గోడంత నెయ్యాలంటే పెద్ద మగ్గం, పెద్ద గది, నెలల జీతం కావాలి. 1970లలో దీనికి ప్రతిగా చిన్న వస్త్రకళాఖండాల ప్రదర్శనలు వచ్చాయి. హంగరీలోని సోంబత్‌హేయ్‌లో 1975లో మొదలైనదానికి 20 సెంటీమీటర్లు హద్దు. అక్కడ చిన్నతనం కళాకారులు ఎంచుకున్న నియమం. శ్రామిక స్త్రీకి అది ఎంచుకున్నది కాదు. ఒళ్లో పట్టేది, పొయ్యి మీద అన్నం వుడికేలోగా నాలుగు కుట్లు పడేది, పోలీసు తలుపు తట్టితే దిండు కింద దాగేది, ప్రవాసి సూట్‌కేసులో మడత పడేది అంతే. ఆమె పనిదినమే ఆ కొలత పెట్టింది. చిన్న గుడ్డముక్కను చూసేటప్పుడు ఆ కొలతలో దాగిన గంటలను కూడా చూడగలగాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. 2023 జూలైలో హంపీలో జి-20 సాంస్కృతిక సమావేశం జరిగిన సందర్భంలో, సండూరు కేంద్రానికి చెందిన 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1755 గుడ్డముక్కల పనులను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ స్త్రీలకు పని దొరికింది, వారి కుట్టు లోకానికి తెలిసింది, సంతోషించవలసినదే. తెలంగాణ తండాల్లో వున్నది కూడా ఆ కుట్టే, ఆ అద్దాలే, ఆ జనమే. కాని ఆ ప్రదర్శన నుంచి లోకం గుర్తుపెట్టుకున్నదేమిటి? 1755 అనే అంకె. ఫోర్బ్స్ వాట్సన్ దగ్గర 700, ఇక్కడ 1755. ఒక్కొక్క ముక్క కుట్టినామె ఏం చెప్పదలచుకుందో అంకె చెప్పదు.

అట్లాగే భౌగోళిక గుర్తింపు చట్టం. 1999లో చేసి 2003 నుంచి అమలులో పెట్టారు. శ్రీకాళహస్తి కలంకారీకి ఆ రక్షణ వుంది. నరసాపురం లేసుకు 2024లో వచ్చింది. నకిలీ సరుకును అడ్డుకోవటానికి అది ఉపయోగమే. ఐతే అది రక్షించేది వూరి పేరును. ఆ పేరుతో వచ్చే అదనపు ధరలో అల్లినామెకు ఎంత, ఎగుమతిదారుకు ఎంత అన్నది ఆ గుర్తింపు పత్రంలో వుండదు. వూరు, ఖరీదు వుండి, మనిషి లేని చీటీ మనం 1866లోనే చూశాం.

అంచేత ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నేను చెప్పదలచుకున్నది ఆచరణకు సంబంధించిన విషయం. మన కళాశాలల్లో, సభల్లో, ఉత్సవాల్లో చేతిపని ప్రదర్శనలు పెడుతూనే వున్నాం. అటువంటప్పుడు ప్రతి గుడ్డముక్క కింద నాలుగు విషయాలు రాద్దాం. చేసినామె పేరు - ఆమె ఒప్పుకుంటే, ఆమె చెప్పిన రూపంలో. ఎన్ని గంటలు పట్టింది. ఆమె చేతికి ఎంత వచ్చింది, అమ్మే ధర ఎంత. నాలుగోది, ఆ గుడ్డ గురించి ఆమె మాట, ఆమె మాట్లాడే తెలుగులోనో గోర్‌బోలీలోనో, మన దిద్దుబాటు లేకుండా. వీలైనచోట గుడ్డను గోడకు కొట్టకుండా తీగెకు వేలాడదీద్దాం. వెనకవైపు ముళ్లు కూడా కనిపించాలి. మూడో విషయం రాయటానికి నిర్వాహకులు ఇబ్బంది పడతారు. ఆ ఇబ్బందే మన ప్రదర్శన ఎవరి పక్షాన వుందో చెబుతుంది.

ఆ చీటీ మనమే ఆమె తరఫున రాసిపెడితే మళ్లీ పాత కథే. మన సానుభూతి ఎంత గొప్పదైనా అది మన చేతిరాతే. ఎలిజబెత్ పార్కర్‌కు ఎవరూ కలం ఇవ్వలేదు. సూది వుంటే సరిపోయింది. శాంటియాగో తల్లులకు ఎవరూ గోడ ఇవ్వలేదు. వెనకవైపు జేబు కుట్టుకున్నారు. కొత్తగా వారికి మాట నేర్పవలసిన పనేమీ మనకు లేదు. వారు రాసుకున్న చీటీని తీసి, ముందువైపు పెట్టి, కింద కూలి ఎంతో రాయటం మాత్రం మన పని.